సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను. నెలవారీ సమావేశాలు రెండు తప్ప అన్నీ జరిగాయి. ఆ రెండూ కోరం లేక ఆగాయి.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధుల దగ్గర జనవరిలో మనం చేసిన నడక. గుమ్మటాల అందం గురించి చెప్పే నడకలు చాలా ఉన్నాయి. మనం మాత్రం ఆ ఇంటి గొడవను సమాధి తర్వాత సమాధిగా చెప్పుకుంటూ వెళ్లాం. మొదట ఈ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ. సమాధి బతికుండగానే కట్టించుకున్నాడు. ముసలితనంలో, 1543లో, మసీదులో నమాజు వేళ హత్యకు గురయ్యాడు. చేయించింది కొడుకు జంషీద్. తర్వాత ఆ జంషీద్ సమాధి, రెండంతస్తుల ఎనిమిది పలకల కట్టడం. ఇతను అన్న కుతుబుద్దీన్ కళ్లు తీయించాడు. తమ్ముడు ఇబ్రహీం మాత్రం దేవరకొండ నుంచి తప్పించుకుని విజయనగరం చేరి, అళియ రామరాయల నీడన ఏడేళ్లు గడిపాడు. 1550లో జంషీద్ జబ్బుతో పోతే గద్దె అతని కొడుకు, పసివాడైన సుభాన్‌కు దక్కింది. ఎక్కువ కాలం నిలవలేదు. కోటలోని నాయకవాడీల (కాపలా భటుల) అండతో అదే ఏడాది ఇబ్రహీం గోల్కొండకు సుల్తాను అయ్యాడు.

సుభాన్ చిన్న సమాధి దగ్గర ఒక సభ్యుడి మనవరాలు "ఈ బాబు ఏం తప్పు చేశాడు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

టిఫిన్ దగ్గర పెద్ద వాదన. ఏడేళ్లు అన్నం పెట్టిన రామరాయల మీదికే ఇబ్రహీం 1565లో రక్కసి తంగడి యుద్ధానికి వెళ్లాడే అని కొందరు. రాజ్యం నిలబెట్టుకోవాలంటే ఇంకేం చేస్తాడని కొందరు. ఇడ్లీలు చల్లారాయి గానీ వాదన చల్లారలేదు. చివరికి మన తెలుగు మాస్టారు, అద్దంకి గంగాధర కవి ఇదే ఇబ్రహీంకు అంకితమిచ్చిన తపతీ సంవరణోపాఖ్యానం నుంచి పద్యాలు చదివితే అందరూ సర్దుకున్నారు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు చేసుకున్నారు మరి!

వాలంటీర్లుగా పేరిచ్చింది 18 మంది, వచ్చింది 5. మంచినీళ్ల క్యాన్లు కోశాధికారి, నేను మోశాం. ముఖ్య అతిథిగా వస్తామన్న అధికారి ఆ ఉదయం ఫోన్ ఎత్తలేదు. శాలువా ఇంకా మా ఇంట్లోనే ఉంది.

టిఫిన్ పెట్టించిన సభ్యురాలికి, కరపత్రాలు ఉచితంగా అచ్చేసిన ప్రెస్ యజమానికి, మైకు సెట్ అరువిచ్చిన మిత్రుడికి, పద్యాల మాస్టారికి, వచ్చిన ఆ అయిదుగురికీ కృతజ్ఞతలు.

లెక్కలు ఆడిటర్ చూశారు, కాపీ బల్ల మీద ఉంది. చందా బకాయిలు అలాగే ఉన్నాయి.

వచ్చే ఏడాది 1672 నాటి గద్దె పోటీ చెప్పాలని ఉంది. సుల్తాన్ అబ్దుల్లా పోయాక అల్లుళ్ల మధ్య తగాదా, తానీషా గద్దెనెక్కడం. అక్కన్న మాదన్నల పేరు వింటే జనం కాస్త ఎక్కువే వస్తారు. వాలంటీర్ల జాబితా ఈసారి సంతకాలతో తీసుకుంటాను, పెన్ను నేనే తెస్తాను.

ఇట్లు,
కార్యదర్శి