ఫిట్‌కీ అన్‌ఫిట్‌కీ మధ్య ఇంకో గడి పెట్టండి: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఒక గోదాములో 22 ఏళ్లు షిఫ్ట్ సూపర్‌వైజరుగా చేసి రిటైరైనవాణ్ణి. జబ్బుపడి కోలుకుంటున్న కార్మికుడికి డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ గురించి ఈ ఉత్తరంలో ఫిర్యాదు ఉంది. కాకపోతే అందులో మొదటి ముద్దాయిని నేనే.

లోడింగ్‌లో చేసే ఒకతను పెట్టె ఎత్తబోయి నడుం పట్టేసి కూలబడ్డాడు. ఐదు వారాల తర్వాత డాక్టరు చీటీ పట్టుకుని వచ్చాడు. ‘లైట్ డ్యూటీ ఇవ్వవచ్చు’ అని ఉంది, అంతే. ఎంత బరువు ఎత్తొచ్చు, ఎంతసేపు నిలబడొచ్చు, వంగొచ్చా, ఇలా ఎన్నాళ్లు? ఒక్క ముక్క లేదు. “మన దగ్గర లైట్ డ్యూటీ ఎక్కడుందయ్యా, అంతా మోతే కదా. పూర్తిగా తగ్గాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకురా” అని పంపేశాను. అతనికి మళ్లీ ఏమన్నా అయితే పనిలోకి ఎవరు రానిచ్చారని నన్నే అడుగుతారన్న భయం నాది. ఇంకో రెండుసార్లు వచ్చాడు. తర్వాత రాలేదు.

కొన్నేళ్లకు నా కుడి భుజానికి ఆపరేషన్ అయింది. డాక్టరు మంచివాడే. “ఎన్ని రోజులు రాయమంటారు?” అన్నాడు గానీ, “మీరు చేసే పనేంటి?” అని అడగలేదు. నా పనిలో సగం కాగితాలూ కంప్యూటరే. ఎడమ చేత్తో రెండో నెల నుంచే చేయగలిగేవాణ్ణి. మూడు నెలలు ఇంట్లోనే కూర్చున్నాను. మొదటి వారం అందరూ ఫోన్లు చేశారు, తర్వాత ఎవరూ లేరు. రెండో నెలకల్లా నేనే ఆఫీసుకు ఫోన్ చేయడానికి జంకే స్థితికి వచ్చాను. నేను లేకపోయినా షిఫ్టు నడుస్తోందన్న సంగతి భుజం నొప్పి కంటే ఎక్కువ సలిపింది. నేను వెనక్కి పంపినవాడు అప్పుడు గుర్తొచ్చాడు.

మంత్రి గారూ, నేను చూసిన ప్రతి సర్టిఫికెట్‌లోనూ రెండే మాటలు: ఫిట్, అన్‌ఫిట్. మనిషి ఒంట్లో అలా స్విచ్ ఉండదు. మామూలు నడుం నొప్పికి మంచం పట్టి పడుకోవడం కంటే తగుమాత్రం కదులుతూ ఉండటమే మేలని వైద్యులే చెబుతున్నారు. అయినా పూర్తిగా నయమయ్యేదాకా గేటు లోపలికి రానివ్వం.

బ్రిటన్‌లో 2010 ఏప్రిల్‌లో సర్టిఫికెట్ నమూనానే మార్చారు. ‘కొన్ని మార్పులు చేస్తే పని చేయగలరు’ అని కొత్త గడి పెట్టి, దాని కింద నాలుగు దారులు చూపించారు: పనిని మెల్లగా పెంచుకుంటూ పోవడం, వేళలు మార్చడం, పని మార్చడం, పనిచోటును సర్దడం. నిజం చెప్పాలంటే, అక్కడ ఇప్పటికీ ఎక్కువ చీటీల మీద పాత ‘పనికి తగడు’ గడికే టిక్కు పడుతోంది. కొద్ది నిమిషాల్లో రోగిని చూసి పంపే డాక్టరుకు ఆ గోదాము ఎలా ఉంటుందో ఏం తెలుస్తుంది? 2022 జులై నుంచి నర్సులు, ఫిజియోథెరపిస్టులు లాంటివాళ్లకూ సంతకం చేసే అధికారం ఇచ్చారు. నాకైతే ఫిజియోథెరపిస్టు మాట మీదే గురి ఎక్కువ. భుజం ఎంతవరకు లేస్తుందో కొలిచి చూసింది ఆయనే.

కాగితం మారితే చాలదని నెదర్లాండ్స్ ముందే గ్రహించింది. అక్కడ జబ్బుపడిన ఉద్యోగికి రెండేళ్ల దాకా కనీసం 70 శాతం జీతం యజమానే ఇవ్వాలి. 2002లో వచ్చిన చట్టం ప్రకారం ఆరో వారానికి వైద్యుడి అంచనా రావాలి, ఎనిమిదో వారానికి యజమానీ ఉద్యోగీ ఇద్దరూ కూర్చుని తిరిగి పనిలోకి వచ్చే ప్రణాళిక రాసుకోవాలి. యజమాని సరిగా ప్రయత్నించలేదని తేలితే ఇంకో ఏడాది దాకా జీతం భారం అతని మీదే పడుతుంది. జీతం తన జేబులోంచి పోతుంటే లైట్ డ్యూటీ ఎక్కడున్నా వెతికి పట్టుకుంటారు. మా గోదాములోనూ ఉంది. లేబుళ్లు అతికించడం, చలానాలు సరిచూడటం, స్కానరు పట్టుకుని సరుకు లెక్కపెట్టడం, కొత్తవాళ్లకు పని నేర్పడం. నేను వెతకలేదు, అంతే.

ఇందులో ప్రమాదమూ ఉంది. ఈ గడిని అడ్డం పెట్టుకుని ఒళ్లు కుదుటపడనివాణ్ణి బలవంతంగా లాక్కొచ్చేవాళ్లు ఉంటారు. కాబట్టి కార్మికుడు ఒప్పుకుంటేనే జరగాలి. జర్మనీలో ఏడాదిలో ఆరు వారాలకు మించి సెలవు పెట్టినవాణ్ణి పనిలోకి ఎలా తిరిగి రావచ్చో మాట్లాడటానికి యజమాని పిలిచి తీరాలి, వద్దనే హక్కు మాత్రం ఉద్యోగిదే. సగం పూట పనిచేస్తే మిగతా సగం జీతం ఎవరిస్తారో కూడా తేల్చండి, లేకపోతే ఎవరూ రారు. చీటీ మీద జబ్బు పేరు అక్కర్లేదు. క్యాన్సరో, మనోవ్యాధో సూపర్‌వైజరుకెందుకు? ఏం చేయగలడో, ఏం చేయకూడదో చాలు. ఇక కాంట్రాక్టు కూలీ సంగతి. పడిపోయిన మర్నాడే అతని స్థానంలో ఇంకొకరు ఉంటారు. ఆ చోటు కొన్నాళ్లయినా అతని పేరు మీద ఉండేలా చట్టంలో రాయకపోతే పైన చెప్పినదేదీ అతనికి అందదు.

ఇది నా సొంత కోరికేం కాదు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 27వ అధికరణంలోనే ఉద్యోగం నిలబెట్టడం, తిరిగి పనిలోకి తేవడం అని స్పష్టంగా ఉంది.

కొత్త నమూనా రాయించేటప్పుడు బల్ల దగ్గర డాక్టర్ల పక్కన ఒక లోడింగ్ మేస్త్రీకీ, దెబ్బ తగిలి పనిలోకి తిరిగి వెళ్లలేకపోయిన ఒక కార్మికుడికీ కుర్చీలు వేయించండి. లైట్ డ్యూటీ అంటే ఏమేం రాయాలో వాళ్లు చెబుతారు.

ఇట్లు,
ఒక మాజీ షిఫ్ట్ సూపర్‌వైజరు