యుద్ధం 1918 నవంబరులోనే ముగిసిందా?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో మొదటి ప్రపంచ యుద్ధంపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సారాయెవో హత్య మొదలు కందకాల పోరు వరకు రచయిత కథనాన్ని నడిపిన తీరు బాగుంది. 1914 సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవుపై గుళ్ళు కురిపించిన సంగతి మరవకుండా చేర్చడం, మద్రాసుకు కూతవేటు దూరంలో ఉన్న మా వంటివారికి మరింత నచ్చింది. అయితే 1918 నవంబరు 11తో యుద్ధం ముగిసి శాంతి నెలకొన్నదని తేల్చి, నాలుగు సామ్రాజ్యాల (జర్మన్, రష్యన్, ఆస్ట్రియా-హంగరీ, ఒట్టోమన్) పతనాన్ని ఒకే వాక్యంలో దాటవేయడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. తిరుపతిలో గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ సిద్ధమవుతున్న యువతీయువకులు చాలామంది ఇలాంటి పేజీలను కత్తిరించి దాచుకుంటారు. సివిల్స్ మెయిన్స్ సిలబస్‌లో ప్రపంచ యుద్ధాల పక్కనే జాతీయ సరిహద్దుల పునర్నిర్ణయం అనే అంశం ఉంది. ఆ సరిహద్దుల్లో అత్యధికం గీసింది మీ వ్యాసం ఆగిపోయిన తేదీ తర్వాతనే.

ఆ నవంబరు ఉదయం ఫ్రాన్సులోని కాంపియేన్ అడవిలో, ఒక రైలు పెట్టెలో కుదిరింది జర్మనీతో కాల్పుల విరమణ మాత్రమే. మొదట దాని గడువు 36 రోజులు; తర్వాత పొడిగించుకుంటూ పోయారు. జర్మనీ రేవులపై మిత్రరాజ్యాల దిగ్బంధనం 1919 జూలై దాకా పూర్తిగా తొలగలేదు కాబట్టి, అక్కడి సామాన్యులకు ఆకలి రోజులు నవంబరుతో తీరిపోలేదు. తూర్పు ఆఫ్రికాలో జర్మన్ సేనాని లెట్టో-ఫోర్బెక్ లొంగిపోయింది నవంబరు 25న. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముగింపు చాటే ధ్వజావరోహణం ఉన్నట్టు యుద్ధాలకు ఉండదు.

మన దేశం సంగతే చూద్దాం. ఢిల్లీ వెళ్ళిన ప్రతివారూ ఇండియా గేట్ ముందు ఫొటో దిగుతారు గాని, పైన రోమన్ అంకెల్లో చెక్కిన సంవత్సరాలను చదివేవారు తక్కువ. అవి 1914, 1919. ఆ కట్టడంపై స్మరించినవారిలో ఫ్రాన్సు, మెసపొటేమియా (నేటి ఇరాక్), టర్కీలోని గల్లిపోలి రంగాల్లో మరణించిన భారతీయ సైనికులతో పాటు, 1919 మే నుంచి ఆగస్టు వరకు సాగిన మూడో ఆఫ్ఘన్ యుద్ధంలో నేలకొరిగినవారూ ఉన్నారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం మొదటి యుద్ధ మృతుల లెక్కకు 1921 ఆగస్టు 31ని గడువుగా పాటిస్తుంది, ఎందుకంటే బ్రిటన్ చట్టరీత్యా యుద్ధం ముగిసిందని ప్రకటించుకున్న తేదీ అది. అందులోనూ టర్కీకి మినహాయింపు ఇచ్చి, ఆ ఒక్క దేశం విషయంలో 1924 ఆగస్టు దాకా లాగారు. ఇక పాలకులు యుద్ధకాలపు అధికారాలను వదులుకోవడానికి ఇష్టపడక 1919 మార్చిలో రౌలట్ చట్టం తెచ్చారు. విచారణ లేకుండా నిర్బంధించే ఆ అధికారాలను ఎదిరించిన ఆందోళనలోనే ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. ఆ ఘటనను మన పాఠాలు జాతీయోద్యమం కింద ఒక అధ్యాయంలో, యుద్ధాన్ని మరో అధ్యాయంలో పెట్టి, మధ్యనున్న ముడిని తెంపేశాయి.

సైనికుల ప్రయాణమూ ఆగలేదు. యుద్ధంలో భారత సైన్యం అత్యధికంగా పనిచేసిన రంగం మెసపొటేమియా. 1916లో బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య రహస్యంగా కుదిరిన సైక్స్-పికో ఒప్పందం, 1920 ఏప్రిల్‌లో ఇటలీలో జరిగిన మిత్రరాజ్యాల సాన్ రెమో సమావేశం ఆ ప్రాంతాన్ని బ్రిటన్ పరం చేయగా, ఆ వేసవిలోనే ఇరాక్ తిరగబడింది. ఆ తిరుగుబాటును అణచడానికి వాడిన బలగాల్లో అధిక భాగం మళ్ళీ మనవాళ్ళే. అణచివేత ఖర్చుకు లండన్ బెంబేలెత్తి, 1921లో అరబ్ రాకుమారుడు ఫైసల్‌ను తెచ్చి రాజుగా కూర్చోబెట్టింది. ఇరాక్ గురించి ఇవాళ రాసే ఏ విశ్లేషణకైనా మొదలు ఇక్కడ ఉంది.

వ్యాసంలో అన్నిటికన్నా పెద్ద లోటు టర్కీ. టర్కీని ఏలిన ఒట్టోమన్ ప్రభుత్వం 1918 అక్టోబరు 30న ముద్రోస్‌లో కాల్పుల విరమణకు ఒప్పుకున్నది నిజమే. కాని 1919 మే 15న మిత్రరాజ్యాల అండతో గ్రీకు సైన్యం స్మిర్నాలో (నేటి ఇజ్మీర్) దిగింది. నాలుగు రోజుల తర్వాత టర్కీ సేనాని ముస్తఫా కెమాల్ నల్లసముద్ర తీరంలోని సామ్సున్ చేరి ప్రతిఘటన కూడగట్టడం మొదలుపెట్టాడు. 1920 ఆగస్టులో సుల్తాను ప్రతినిధులు సంతకం చేసిన సెవ్ర్ సంధి టర్కీ ప్రధాన భూభాగమైన అనటోలియాను ముక్కలు చేసింది; అంకారాలో అప్పటికే ఏర్పడిన జాతీయ సభ దాన్ని అంగీకరించలేదు, ఆ సంధి అమలుకు రాలేదు. 1921లో సకార్యా నది ఒడ్డున గ్రీకుల ముందడుగు ఆగింది. 1922 సెప్టెంబరులో టర్కీ సేనలు స్మిర్నాలో ప్రవేశించిన కొద్ది రోజులకే ఆ నగరంలో గ్రీకులు, ఆర్మీనియన్లు నివసించే పేటలు అగ్నికి ఆహుతయ్యాయి, రేవుగట్టుపై లక్షలాది శరణార్థులు చిక్కుకుపోయారు. 1923 జూలై 24న లాసాన్ సంధి కుదిరేదాకా అక్కడ యుద్ధం ముగియలేదు. అంతకు ముందే, జనవరిలో, గ్రీసు, టర్కీలు నిర్బంధ జనాభా మార్పిడికి సంతకాలు చేశాయి. దాదాపు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీసుకూ, సుమారు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకీ మారవలసి వచ్చింది (వీరిలో చాలామంది అప్పటికే పారిపోయి ఉన్నారు). ఎవరు ఎటు పోవాలో నిర్ణయించింది భాష కాదు, మతం. టర్కీ భాష తప్ప మరొకటి రాని క్రైస్తవులు గ్రీసులో, గ్రీకు మాట్లాడే క్రీటు ముస్లింలు టర్కీలో పరాయివారయ్యారు. ఈ టర్కీ పరిణామాలను తెలుసుకోకుండా ఒట్టోమన్ సుల్తానును ఖలీఫాగా నిలపాలన్న మన ఖిలాఫత్ ఉద్యమం ఎందుకు 1919లో పుంజుకున్నదో, 1924 మార్చిలో అంకారా ప్రభుత్వమే ఖలీఫా పదవిని రద్దు చేశాక ఎందుకు ఆధారం కోల్పోయిందో విద్యార్థికి బోధపడదు.

తూర్పు యూరప్‌లోనూ ఇదే వరస. రష్యా అంతర్యుద్ధం 1922 దాకా సాగింది. పోలండ్, సోవియట్ సేనలు 1920 ఆగస్టులో వార్సా వాకిట తలపడ్డాయి. హంగరీలో బేలా కున్ కమ్యూనిస్టు ప్రభుత్వం నాలుగున్నర నెలలకే కూలి, రుమేనియా సైన్యం బుడాపెస్ట్‌లో అడుగుపెట్టింది. ట్రయనాన్ సంధితో ఆ దేశం తన భూభాగంలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. సామ్రాజ్యం కూలిన చోటల్లా ఒకే నేలపై ఇద్దరు ముగ్గురు హక్కుదారులు మిగిలారు, వాళ్ళ చేతుల్లో తుపాకులూ మిగిలాయి. స్వయంనిర్ణయం (ఎవరి పాలనలో ఉండాలో తామే తేల్చుకునే హక్కు) అనే మాట విని ఆశపడిన ఈజిప్టు, కొరియా, చైనా ప్రజలు 1919లోనే వీధుల్లోకి వచ్చారు. వారికి ఆ హక్కు వర్తించదని పారిస్ శాంతి సభ పెద్దలు తేల్చారు.

వార్తాపత్రికకు స్థలం పరిమితమనీ, పరీక్షల్లో 1914-18 అని రాస్తేనే మార్కులు పడతాయనీ నాకు తెలుసు. పశ్చిమ రంగంలో నవంబరు 11 ఉదయం తుపాకులు ఆగడం చిన్న విషయమనీ నేను అనను. ఫ్రాన్సుకు చెల్లే ఆ తేదీని బాగ్దాదుకూ, స్మిర్నాకూ, అమృత్‌సర్‌కూ అంటగట్టడమే నా అభ్యంతరం.

రెండో ప్రపంచ యుద్ధంపైనా వ్యాసం రానున్నదని మీ ప్రకటనలో చూశాను. అందులో ఆరంభాన్ని 1939 సెప్టెంబరుతో కాక, 1937 జూలైలో బీజింగ్ సమీపాన మార్కోపోలో వంతెన దగ్గర జపాన్, చైనాల మధ్య రేగిన ఘర్షణతో ఎత్తుకోమనీ, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై పడిన జపాన్ బాంబులకు చోటివ్వమనీ కోరుతున్నాను. జపాన్ లొంగిపోయిన తర్వాత, 1945 చివరి నెలల్లో, బ్రిటిష్ ఆజ్ఞపై వియత్నాంలోని సైగాన్‌లోనూ జావాలోని సురబయలోనూ భారతీయ సైనికులను స్థానిక స్వాతంత్ర్య ఉద్యమాలపైకి పంపిన సంగతికీ, దానిపై నెహ్రూ వంటి నాయకులు తెలిపిన నిరసనకూ కనీసం ఒక పేరా కేటాయించగలరు. పటం ముద్రించే పక్షంలో 1939 నాటిదానితో పాటు 1949 నాటిదీ పక్కపక్కనే వేస్తే విద్యార్థులకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
చరిత్ర విశ్రాంత అధ్యాపకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.