ఎలుకల్ని తిప్పితే ఏమొస్తుందంటే

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం ఈ శీర్షికలో ఒక పాఠకుడు, ‘ఇక్కడ జనానికి మందుల్లేవు, అక్కడ ల్యాబుల్లో ఎలుకల్ని తిప్పడానికి కోట్లు పోస్తున్నారు’ అని రాశారు. నెలనెలా మందుల బిల్లు కట్టేదాన్ని, ఆయన బాధ నాకు తెలుసు. కానీ మా నాన్నకి ఏమైందో నాకు అర్థమైంది ఆ ఎలుకల సంగతి విన్నాకే. అందుకే ఈ ఉత్తరం.

నాన్న తెనాలిలో 31 ఏళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేశారు. డోర్ నంబరు తప్పు రాసినా, ఒట్టి ఇంటిపేరే ఉన్నా ఉత్తరం ఇంటికి చేరేది. మారిస్‌పేటలో ఏ సందు ఎక్కడ తేలుతుందో ఆయన్ని అడిగేవాళ్లు. ఆదివారాలు కూడా సైకిలేసుకుని కొత్తగా కట్టే ఇళ్లు చూసొచ్చేవారు. ‘డ్యూటీ లేని రోజు కూడా ఆ తిరుగుడేమిటి’ అని అమ్మ విసుక్కునేది.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం పాలప్యాకెట్ కోసం వెళ్లి గంటన్నరైనా రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే మా వీధి మొదట్లో వేపచెట్టు కింద సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. అక్కణ్ణుంచి మా గేటు కనిపిస్తుంది. ‘ఎటు తిరగాలమ్మా?’ అన్నారు. హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో పాలప్యాకెట్ వేడెక్కిపోయి ఉంది. అప్పటికి మనవల పుట్టినరోజులు, పెన్షన్ పడే తేదీ, 1977 ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి వచ్చిన ఉత్తరాలు, అన్నీ ఆయనకి గుర్తున్నాయి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇవాళ తేదీ ఎంత, ప్రధానమంత్రి ఎవరు అని అడిగారు. నాన్న టకటకా చెప్పేశారు. ‘వయసు మీద పడిందమ్మా, టెన్షన్ పడకండి’ అని బలం మాత్రలు రాసిచ్చారు. దారి తప్పిన విషయం నేను రెండుసార్లు చెప్పాను. ఆయన చీటీలో రాసుకోలేదు. రెండేళ్లు గడిచాక ఇంకోచోట స్కాన్ తీసి అల్జీమర్స్ అన్నారు.

నేను బ్యాంకులో క్లర్కుని, సైన్స్ చదవలేదు. మెడిసిన్ చదువుతున్న మా తమ్ముడి కూతురు కూర్చోబెట్టి చెప్పింది. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జోనథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలోకి సన్నటి తీగలు దించి, దాన్ని తిరగనిచ్చి చూశారు. ఎలుక ఒక చోటికి రాగానే ఒక కణం చురుగ్గా పనిచేస్తుంది, అక్కణ్ణుంచి కదిలితే ఆగిపోతుంది. ఇంకో చోటికి ఇంకో కణం. నాకైతే నాన్న పోస్టాఫీసులో సార్టింగ్ అరలు గుర్తొచ్చాయి. తర్వాత 2005లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం, హిప్పోకాంపస్‌ని ఆనుకుని ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో మరో రకం కణాలు కనిపెట్టింది. ఎలుక అంతటా తిరగాలని నేల మీద చాక్లెట్ ముక్కలు చల్లేవారట. ఆ కణం ఒక్కోటీ ఒక చోట కాదు, సమాన దూరంలో ఎన్నో చోట్ల పలుకుతుంది. ఆ చోట్లన్నీ కాగితం మీద పెట్టిన బొమ్మ ఆ పిల్ల ఫోనులో చూపించగానే ‘ఇది సందుచుక్కల ముగ్గే కదా’ అన్నాను. నిజంగా అంతే. ఏడు చుక్కలు, సందుచుక్క నాలుగు వరకు పెడితే వచ్చే వరసే. ఓకీఫ్‌కీ, మోసర్‌లిద్దరికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది.

ఇంకా ముందు, 1930లో అమెరికాలోని బర్కిలీలో టోల్మన్, హాంజిక్ కొన్ని ఎలుకల్ని పది రోజులు చిక్కుదారుల్లో ఊరికే తిరగనిచ్చారు. చివర తిండి ఏమీ పెట్టలేదు. పదకొండో రోజు పెట్టారు. ఆ మర్నాటికల్లా అవి, మొదట్నుంచీ తిండి దొరికిన ఎలుకల్లాగే చాలా తక్కువ తప్పులతో వెళ్లిపోయాయి. ఊరికే తిరిగిన రోజుల్లోనే దారంతా తలలో పెట్టుకున్నాయన్నమాట. నాన్న ఆదివారాల తిరుగుడు ఏమిటో నాకప్పుడు తెలిసింది.

అల్జీమర్స్ మొట్టమొదట దెబ్బతీసే భాగాల్లో, ఆ ముగ్గు కణాలుండే ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. అందుకే కొందరిలో పేర్లూ తేదీలూ నిలిచి ఉండగానే దారి పోతుంది. వేపచెట్టు కింద నాన్నకి జరిగింది అదే అనుకుంటున్నాను.

ఎలుకల తలలో తీగలు పెట్టడం నాకూ మనసుకి కష్టంగానే ఉంది. దాంతో నాన్న జబ్బుకి మందు దొరికిందని కూడా చెప్పడం లేదు. ముందే తెలిసినా ఆయనకి నయమయ్యేది కాదు. కానీ ఆ రెండేళ్లలో ఆయన్ని ఒంటరిగా సైకిల్ మీద పంపేవాళ్లం కాదు. ఒకసారి కాలవ కట్ట మీద పడిపోయి, చెయ్యి విరిగి, చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు. ఇల్లు ఎవరి పేర పెట్టాలో, అమ్మని ఎవరి దగ్గర ఉంచాలో ఆయన నోటితోనే చెప్పించుకునేవాళ్లం.

దారి తప్పిన ప్రతివాళ్లకీ ఈ జబ్బేనని కాదు. అయినా డాక్టర్లు ప్రధానమంత్రి పేరుతో పాటు ‘రోజూ వెళ్లే చోటికి ఒక్కరే వెళ్లి రాగలుగుతున్నారా’ అని ఇంట్లోవాళ్లని అడగాలి. మీ ఆరోగ్య పేజీలో మతిమరుపు గురించి వేసినప్పుడల్లా తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం అని ఉంటుంది. ఈసారి దాని పక్కన, తెలిసిన దారిలో తికమకపడటం అని కూడా వేయండి. కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి, పెద్దవాళ్లు కూడా చదువుకుంటారు.

ఇట్లు,
ఒక పోస్ట్‌మ్యాన్ కూతురు,
తెనాలి.