గలగలమన్న తూటాలు: మీ స్టార్టర్ కిట్ మీద నా నాలుగో ఫిర్యాదు

డాలస్, టెక్సస్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: .45-70 బ్లాక్ పౌడర్ తూటాలు సొంతంగా తయారు చేసుకునే స్టార్టర్ కిట్‌లోని ప్రమాదకరమైన సూచనలు, పనికిరాని సామాను, డబ్బు వాపసు గురించి.

అయ్యా/అమ్మా,

ఇంతకుముందు మూడుసార్లు ఇంగ్లీషులో రాశాను. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది, కామా కూడా మారలేదు. మీ ఫిర్యాదుల ఫారంలో "మీకు సౌకర్యంగా ఉన్న భాషలో రాయండి, అనువాదం మేం చూసుకుంటాం" అని ఉంది. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. అనువాదం కోసమైనా ఎవరో ఒకరు మొదటి నుంచి చివరి దాకా చదవక తప్పదు కదా.

ముందు నా సంగతి చెబుతాను. తుపాకుల పిచ్చి ఉన్న మనిషిని కాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. రెండేళ్ల కిందట ఆఫీసు మిత్రుడితో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన 1874 మోడల్ షార్ప్స్ రైఫిల్ పేల్చాడు. మామూలు రైఫిల్లా చెవులు చిల్లులు పడే చప్పుడు కాదు, దూరంగా ఉరిమినట్టు బరువైన మోత. వెంటనే తెల్లటి పొగ, ఆ పొగలోంచి వాసన. ఆ వాసన తగలగానే నేను అమలాపురంలో మా పెరట్లో ఉన్నాను. దీపావళికి పది రోజుల ముందు నుంచీ మా నాన్న సురేకారం, గంధకం, బొగ్గు తెచ్చి చిచ్చుబుడ్లు కూరేవారు. ఈ రైఫిల్లో పేలేదీ ఆ మూడు సరుకులే. నేను ఇందులో దిగడానికి కారణం అంతే, ఇంకేం లేదు.

ఆ మూడూ కలిపి చేసే ఈ బ్లాక్ పౌడర్‌ని తెలుగులో ఏమనాలో కూడా మాకు ఇబ్బందే. మా ఆవిడ వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ, "మీ అల్లుడు గరాజ్‌లో నల్లమందు తెచ్చి పెట్టుకున్నారు" అంది. తెనాలిలో మా అత్తగారికి ఆ రాత్రి నిద్ర లేదు. మా భాషలో నల్లమందంటే ఓపియం. మీ అనువాదకులు తికమక పడకూడదని ఈ లేఖలో బ్లాక్ పౌడర్ అనే రాస్తున్నాను.

రైఫిల్ మీ దగ్గర కొన్నది కాదు. పాత షార్ప్స్‌కి ఇటలీలో చేసిన నకలు, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అమెరికా సైన్యం 1873లో తీసుకున్న .45-70 తూటానే ఇదీ వాడుతుంది. పేరులో ఉన్న 70 అంటే 70 గ్రెయిన్ల మందు, మన లెక్కలో నాలుగున్నర గ్రాములు. దాని మీద 405 గ్రెయిన్ల సీసపు గుండు. న్యూ మెక్సికోలోని రాటన్‌లో ఈ రైఫిళ్లకే వేరుగా పోటీలు జరుగుతాయి. ఇనుప పలకతో చేసిన కోళ్లు 200 మీటర్ల దూరంలో, పందులు 300లో, టర్కీ కోళ్లు 385లో, పొట్టేళ్లు 500 మీటర్లలో నిలబెడతారు. కోళ్లను మాత్రం ఏ ఆసరా లేకుండా నిలబడి కొట్టాలి. ఎప్పటికైనా మా ఇంటి నుంచి తొమ్మిది గంటలు కారు నడుపుకుంటూ అక్కడికి వెళ్లి, ఒక్క పొట్టేలునైనా పడగొట్టి రావాలని నా కోరిక.

ఈ ఆటకి తూటాలు ఎవరికి వాళ్లే తయారు చేసుకుంటారు. కాల్చిన ఇత్తడి కేసు కడిగి, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) గుచ్చి, మందు పోసి, సొంతంగా పోత పోసుకున్న గుండు పెట్టి బిగించాలి. నాకు అది రాదు. "మొదటిసారి చేసేవాళ్లకు కావలసినవన్నీ ఒకే పెట్టెలో" అన్న మీ మాట చూసి 412 డాలర్లు పెట్టి కిట్ కొన్నాను. మందు డబ్బాలు రెండు వేరే. ప్రమాదకర సరుకు రవాణా అని ఇంకో 32 డాలర్ల 50 సెంట్లు తీసుకున్నారు. అది న్యాయమే, మందు ఊరికే పోస్టులో రాదు.

ఇక అసలు విషయం. మీ సూచనల పుస్తకం ఆరో పేజీలో ఇలా ఉంది: "భద్రత కోసం పూర్తి 70 గ్రెయిన్లకు బదులు 55తో మొదలుపెట్టండి. తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. కేసు నిండకపోయినా ఫర్వాలేదు." చదివితే ఎంత బుద్ధిమంతుల మాటలా ఉంది! నేనూ అలాగే అనుకున్నాను. రెండు సాయంత్రాలు గరాజ్‌లో కూర్చుని 20 తూటాలు చేశాను. ఒక్కొక్కదాన్నీ గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ పెట్టెలో వరసగా పేర్చుకుంటే, చూడటానికి లిప్‌స్టిక్కుల్లా ముద్దుగా ఉన్నాయి.

శనివారం రేంజ్‌లో పెట్టె తెరిచేసరికి ఆ పెద్దాయనే పక్క బెంచీలో ఉన్నాడు. "ఒకటి చూడొచ్చా?" అని అడిగి, తూటాను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గలగలమంది. ఇంకోటి ఊపాడు. అదీ గలగలే. మారు మాట్లాడకుండా పెట్టె మూత వేసి, దాని మీద చెయ్యి పెట్టాడు. "వీటిలో ఒక్కటి కూడా నీ రైఫిల్లోకి వెళ్లకూడదు" అన్నాడు. మా పిల్లల చేతిలోంచి కత్తి తీసుకునేటప్పుడు నా గొంతు అలాగే ఉంటుంది.

బ్లాక్ పౌడర్ తూటాలో గుండు అడుగుకీ మందుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఈ ఆటలో ఓనమాలు అవే. మందును పొడవాటి గొట్టంలోంచి నెమ్మదిగా పోస్తే గింజలు దగ్గరగా సర్దుకుంటాయి. దాని మీద అట్ట బిళ్ల ఒకటి పెట్టి, కంప్రెషన్ డైతో కాస్త అదిమి, గుండు సరిగ్గా ఆ బిళ్ల మీద కూర్చునేట్టు చేస్తారు. ఊపితే చప్పుడు రాకూడదు. ఖాళీ వదిలితే బ్యారెల్ ఆ చోట ఉంగరంలా ఉబ్బవచ్చు, అంతకంటే అధ్వానమూ జరగవచ్చు. అదే ఇప్పటి మామూలు తుపాకుల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ అయితే ఆ మందు బలం వేరు, పద్ధతి వేరు. అక్కడ గరిష్ఠ కొలత కంటే పది శాతం తక్కువతో మొదలుపెట్టమంటారు, చాలా తూటాల్లో కేసు నిండదు కూడా. మీ పుస్తకం రాసినవాళ్లు అక్కడి జాగ్రత్తను ఎత్తుకొచ్చి ఇక్కడ అతికించారు. అక్కడ కాపాడే మాట ఇక్కడ ప్రమాదమైంది. నేను పెద్ద తప్పు చేసి కాదు, మీరు చెప్పింది చెప్పినట్టు చేసి ఆ గండం దాకా వెళ్లాను. నా ఫిర్యాదంతా ఇదే. మిగతావి దీని పక్కన చిల్లర.

అట్ట బిళ్లలు కిట్‌లో లేవు. మందు పోసే గొట్టం లేదు. కంప్రెషన్ డై లేదు. "కావలసినవన్నీ ఒకే పెట్టెలో"!

మందు కొలిచే పరికరం మాత్రం ఉంది. దాని పెట్టె అడుగున నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం ఉంది. దాని మీద ఎర్ర అక్షరాల్లో, "ఈ పరికరంలో బ్లాక్ పౌడర్ వాడరాదు" అని రాసి ఉంది. తయారు చేసినవాళ్లు వద్దన్న వస్తువును మీరు బ్లాక్ పౌడర్ కిట్‌లో పెట్టి అమ్మారు. నిప్పురవ్వ తగిలితే అంటుకునే సరుకు కదా అది. ఆ కాగితం నా కంట పడింది రెండో సాయంత్రం పని అయ్యాక. పెద్దాయన మాట విన్నాక ఇక దాన్ని ముట్టుకోలేదు, ఇత్తడి గరిటెతో, చిన్న తూకంతో పని కానిచ్చాను.

ఆ 20 తూటాలనూ ఒక్కొక్కటిగా విప్పి, మందు తీసేసి, ఆయన చూపించినట్టు మళ్లీ చేశాను. కావలసిన వస్తువులు వేరే దుకాణంలో కొన్నాను, 96 డాలర్లు అయింది. ఈసారి ఊపితే చప్పుడు లేదు. పేల్చాను. మొదటి మూడు బాగానే వెళ్లాయి. ఐదో దానికి 100 గజాల దూరంలో కాగితం మీద గుండ్రటి రంధ్రానికి బదులు నిలువుగా, గుండు పక్కవాటు ఆకారంలో చీలిక పడింది. అంటే గుండు గాలిలో పల్టీలు కొడుతూ వెళ్లిందన్నమాట. బ్యారెల్లోకి తొంగి చూస్తే ఊక పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగులా ఉంది.

దీనికి కారణం మీ గుండ్ల అచ్చు, మీ మైనం. బ్లాక్ పౌడర్ కాలాక సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగులుతుంది. అది గట్టిపడకుండా తడిగా ఉంచాలంటే గుండు చుట్టూ లోతైన గాళ్లు ఉండాలి, వాటినిండా మెత్తటి గ్రీజు ఉండాలి. మీ పేజీలోని ఫొటోలో గుండుకి లోతైన గాళ్లు నాలుగు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాకు పంపిన అచ్చులో పడే గుండుకి ఒక్కటే గాడి, గోటి గీతంత. మీరిచ్చిన మైనం కడ్డీ స్మోక్‌లెస్ కోసం చేసిన గట్టి రకం. వేలితో నొక్కితే దిగదు, లక్కలా ఉంది. ఫొటోలో చూపించింది ఒకటి, పెట్టెలో పెట్టింది ఒకటి. ఇది పొరపాటో, గోదాములో మిగిలిన సరుకు వదిలించుకోవడమో మీకే తెలియాలి.

అప్పుడు మీకు ఫోన్ చేశాను. 40 నిమిషాలు పాట విన్నాక ఒక అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. మసి గురించి చెప్పాను, పల్టీల గురించి చెప్పాను. అతని సలహా ఏమిటో తెలుసా? "మందు ఇంకాస్త తగ్గించి చూడండి సర్." నాకు ఒళ్లు జలదరించింది. అప్పటికి నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. ఆ శనివారం పెద్దాయన రాకపోయి ఉంటే? ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, అతని ముందు ఏ కాగితం పెట్టారో అదే చదివాడు. ఆ కాగితం రాసినవాళ్లతోనే నా గొడవ.

ఆ తర్వాత పెద్దాయన తన పాత అచ్చు అరువిచ్చాడు. 20 పాళ్లు సీసానికి ఒక పాలు తగరం కలిపి, గరాజ్ తలుపు పూర్తిగా తీసి, ఆరుబయట పోసినట్టే పోశాను. (సీసం పని చేసిన చేతులతో వంటింట్లోకి రావద్దని మా ఆవిడ గడప దగ్గరే సబ్బు పెట్టింది. ఆ బట్టలు కూడా విడిగానే ఉతుకుతున్నాం.) తేనెమైనంతో చేసిన మెత్తటి గ్రీజు రాశాను. దెబ్బకీ దెబ్బకీ మధ్య మసి తడిగా ఉండేట్టు బ్యారెల్లోకి గొట్టంతో నోటి ఆవిరి ఊదడం నేర్చుకున్నాను. అదే రైఫిల్, అదే మందు, అదే నేను. పది దెబ్బలూ అరచేయంత చోటులో పడ్డాయి. చివర్లో ఆయన నన్ను పిలిచి బ్యారెల్ మూతి చూపించాడు. మూతి చుట్టూ గ్రీజు నక్షత్రంలా పూసి ఉంది. ఆ నక్షత్రం కనబడితే గ్రీజు చివరి దాకా అందినట్టు లెక్క. మీ మైనంతో పేల్చిన రోజు ఆ మూతి ఎండిన కాలవలా ఉంది. రెండు ఫొటోలూ జత చేస్తున్నాను.

మీ మూడు జవాబుల్లోనూ ఉన్నది ఒకటే: అచ్చులో ఒకసారి సీసం పోస్తే అది వాడిన వస్తువు, వాపసు తీసుకోం; పుస్తకం కేవలం అవగాహన కోసం. కొబ్బరికాయ కొట్టాకే కదండీ కుళ్లిందో లేదో తెలిసేది? సీసం పోయకుండా అచ్చు ఎలాంటి గుండు ఇస్తుందో ఎవరికి తెలుస్తుంది? ఇక పుస్తకం అవగాహన కోసమే అయితే, మొదటిసారి చేసేవాడికి అవగాహన ఇచ్చేది ఇంకెవరు? అన్నీ తెలిసినవాడు మీ స్టార్టర్ కిట్ ఎందుకు కొంటాడు?

నాకు కావలసింది ఇది. కిట్ ధర 412 డాలర్లు పూర్తిగా వాపసు ఇవ్వాలి. వేరే కొనుక్కున్న సామాను 96 డాలర్లు కూడా మీరే భరించడం న్యాయం, కాదంటే దాని గురించి పట్టుబట్టను. పట్టుబట్టేది ఆరో పేజీ గురించి. ఆ పుస్తకం వెంటనే ఆపేయాలి. ఇప్పటిదాకా ఈ కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ, కేసులో ఖాళీ వదలవద్దని, అలా చేసిన తూటాలు పేల్చవద్దని మెయిల్ పంపాలి. ఎవరెవరు కొన్నారో మీ దగ్గర జాబితా ఉంది, డిస్కౌంట్ మెయిళ్లు వారానికి మూడు పంపుతూనే ఉన్నారు. ఫోన్ ఎత్తేవాళ్ల ముందున్న కాగితంలో బ్లాక్ పౌడర్‌కి వేరే పేజీ పెట్టాలి. కొలత పరికరాన్ని కిట్‌లోంచి తీసేయాలి.

15 రోజులు చూస్తాను. ఆ తర్వాత మా బ్యాంకు ద్వారా కార్డు చెల్లింపు మీద అభ్యంతరం పెడతాను. టెక్సస్ అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల రక్షణ విభాగానికి ఈ లేఖ, ఆరో పేజీ ఫొటో, ఎర్ర అక్షరాల కాగితం ఫొటో పంపుతాను. బెదిరింపు కాదు, మూడు ఉత్తరాలకు ఒకే జవాబు వచ్చాక ఇంకో దారి కనబడటం లేదు.

అచ్చు, మైనం, కొలత పరికరం, పుస్తకం అన్నీ మీ పెట్టెలోనే సర్ది ఉంచాను. రిటర్న్ లేబుల్ పంపితే ఆ రోజే పంపేస్తాను. మందు డబ్బాలు మాత్రం నా దగ్గరే ఉంటాయి. వాటి తప్పేం లేదు.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరిచినవి: కొనుగోలు రసీదు, వేరే దుకాణం బిల్లు, మీ మూడు జవాబులు, ఐదు ఫొటోలు.