కొత్వాల్ చావడి పికప్: 18 నెలల జమాఖర్చులు

సంఘ సభ్యులకు, విరాళాలిచ్చిన పెద్దలకు నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 సెప్టెంబర్ 30 వరకు మన పాత షెవ్రొలే పికప్‌ను బాగుచేయించడం కోసం వచ్చిన ప్రతి రూపాయికీ, వెళ్ళిన ప్రతి రూపాయికీ లెక్క ఇది. మొన్న ఆయుధపూజకు షెడ్డుకు వచ్చినవాళ్ళలో కొందరు బండి చుట్టూ తిరిగి చూసి, "నాలుగున్నర లక్షలు దాటిందంటున్నారు, చూస్తే అంత కనిపించడం లేదే" అన్నారు. అడగవలసిన మాటే అడిగారు. ఖర్చులో దాదాపు సగం ఇంజన్ లోపల, బ్రేకు డ్రమ్ముల లోపల ఉంది. అక్కడ ఎందుకు పెట్టామో చెప్పకుండా అంకెలు మాత్రం అచ్చువేస్తే మీకు న్యాయం చేసినట్లు కాదు. అందుకే ఈ వివరణ కొంచెం పొడవైంది.

జమ

సభ్యుల చందా, 42 మంది, తలా రూ.7,500: 3,15,000
విడి విరాళాలు: 1,40,000
పాత డీజిల్ ఇంజన్ అమ్మగా వచ్చినది: 34,000
బ్యాంకు వడ్డీ: 3,860
మొత్తం జమ: రూ.4,92,860

42 మందిలో బాకీ పడినవారు ఒక్కరూ లేరు. ఇద్దరు మూడు వాయిదాల్లో కట్టారు, ఒకరు దుబాయి నుంచి పంపారు. విడి విరాళాల్లో 50,000 ఒక్క సభ్యురాలే ఇచ్చారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్ళ నాన్నగారు చిన్నప్పుడు ఈ బండి వెనుక తొట్టెలో కూర్చుని బడికి వెళ్ళేవారట.

బండి కొనడానికి మనకు పైసా ఖర్చు కాలేదు. జార్జిటౌన్‌లో మూడు తరాలుగా వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం దీన్ని సంఘానికి ఉచితంగా అప్పగించింది. 1951 మోడల్, అరటన్ను బరువు మోసే రకం. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ బొంబాయిలోని సెవ్రీలో బండ్లు బిగించి అమ్మేది. ఇక్కడ బిగించడమే కాదు, తయారుచేయాలి కూడా అని ప్రభుత్వం పట్టుబట్టాక 1954లో ఆ కర్మాగారం మూతపడింది. అప్పటి నుంచి ఈ బండ్లకు విడిభాగాల కరువు మొదలైంది. మన బండి మాత్రం చెన్నైలో కొత్వాల్ చావడి మార్కెట్టు, షావుకారుపేట, హార్బరు మధ్య మూటలు మోస్తూనే ఉంది. 1996లో కొత్వాల్ చావడి నుంచి కూరగాయల టోకు వ్యాపారం కోయంబేడుకు తరలిపోయాక దానికి పని తగ్గింది. తర్వాత గోదాములోనే ఉండిపోయింది.

1970లలో పెట్రోలు ధర మండిపోయినప్పుడు చాలామందిలాగే ఈ కుటుంబం కూడా అసలు ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించింది. దించినదాన్ని పారేయకుండా గోనెసంచుల్లో చుట్టి గోదాములో ఒక మూల పెట్టారు. మన అదృష్టమంతా ఆ మూలలోనే ఉంది. గోనె విప్పి బ్లాకు మీద నెంబరు తుడిచి చూస్తే, ఆర్‌సీలో ఉన్న నెంబరు అదే. డీజిల్ ఇంజనే ఉంచుదాం, ఖర్చు కలిసొస్తుంది అన్న సభ్యులు ఐదుగురున్నారు. వాళ్ళ వాదన తేలిగ్గా తీసేయలేదు. కానీ ఆ డీజిల్ అదురుకు చాసిస్ మీద ఇంజన్ పట్టుకునే బ్రాకెట్లు రెండు చోట్ల పగిలాయి. ఒకటి అప్పటికే మూడుసార్లు వెల్డింగు చేసి ఉంది. అసలు ఇంజన్ బతికించాలని 2024 మే సమావేశంలో తీర్మానించాం.

ఖర్చు

ఇంజన్: 1,68,400
బ్రేకులు: 62,750
కరెంటు పని, 6 వోల్టుల బ్యాటరీ: 38,300
టింకరింగు, రంగు: 74,000
వెనుక తొట్టె చెక్కలు: 27,600
టైర్లు, ఐదు: 32,000
పెట్రోలు ట్యాంకు, గొట్టాలు: 11,900
షెడ్డు అద్దె, నెలకు రూ.2,000, 18 నెలలు: 36,000
తిరిగి రాని అడ్వాన్సు: 9,000
ప్రయాణాలు, చిల్లర: 7,450
మొత్తం ఖర్చు: రూ.4,67,400
నిల్వ: రూ.25,460 (బ్యాంకులో 24,110, చేతిలో 1,350)

ముందుగా ఇంజన్. ఇది వరుసగా ఆరు సిలిండర్లున్న 216 ఘనపు అంగుళాల పెట్రోలు ఇంజన్, అంటే మూడున్నర లీటర్లది. ఇప్పటి ఇంజన్లలో పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగితే కొత్త చిప్పలు తెచ్చి వేస్తే సరిపోతుంది. ఈ ఇంజన్‌కు చిప్పలు లేవు. రాడ్డు లోపలే వైట్ మెటల్ కరిగించి పోస్తారు. పైగా రాడ్లకు ఆయిలు ఒత్తిడితో ఎక్కదు. రాడ్డు అడుగున ఉన్న చిన్న గరిటె తిరిగేటప్పుడు ఆయిలును తీసుకుంటుంది. పోత ఏమాత్రం వదులైనా పదిహేను కిలోమీటర్లు పోకముందే టక్ టక్ మని కొడుతుంది. మన రాడ్లు ఆరింటిలోనూ పాత పోత పగిలి పెచ్చులు లేచింది.

ఈ పని చేసేవాళ్ళు చెన్నైలో వేళ్ళ మీద లెక్కించగలిగినంత మందే మిగిలారు. పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో విచారిస్తే ఒకరు రాయపురంలో పడవ ఇంజన్లు చూసే పెద్ద మేస్త్రి దగ్గరికి పంపారు. ఆయన వయసు డెబ్బై దాటింది. మొదటి రోజు రాడ్లు తిప్పి చూసి ఏమీ మాట్లాడలేదు. రెండో రోజు రమ్మన్నారు. కమిటీ నుంచి ముగ్గురం వెళ్ళి పక్కనే నిలబడి చూశాం. ముందు రాడ్డు లోపలి భాగాన్ని గీకి, తగరంతో కళాయి వేశారు, మన ఇళ్ళలో ఇత్తడి గిన్నెలకు వేయించినట్లే. కళాయి సరిగ్గా పట్టకపోతే పోసిన లోహం ఇనుముకు అంటదు. తగరం, ఆంటిమనీ, రాగి కలిసిన వైట్ మెటల్ మూసలో కరుగుతుంటే ఆయన దగ్గర వేడి కొలిచే పరికరమేమీ లేదు. ఒక ఎండుపుల్ల ముంచి తీశారు. పుల్ల గోధుమరంగుకు తిరిగితే ఇంకా ఆగమన్నారు. నల్లబడి సన్నగా పొగ వచ్చాక ఒకే ధారగా, చేయి వణకకుండా పోశారు.

చల్లారాక ఒక్కో రాడ్డునూ దారానికి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టారు. ఐదు ఖంగుమని మోగాయి. నాలుగో సిలిండర్‌ది మాత్రం మట్టికుండలా పలికింది. "ఇది పట్టలేదు" అని మళ్ళీ మంటలో పెట్టారు. ఆ రెండో పోతకు విడిగా డబ్బు అడగలేదు, మేం ఇవ్వబోయినా తీసుకోలేదు. పోతకు, తర్వాత కొలతకు బోరు చేయడానికి అయినది 54,000. క్రాంకు గ్రైండింగు, బ్లాకు బోరింగు అంబత్తూరులో చేయించాం, 31,500. పిస్టన్లు, రింగులు, వాల్వులు, గాస్కెట్లు అమెరికా నుంచి తెప్పించాం. అక్కడ ఈ బండ్లు బాగుచేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇవి ఇంకా కొత్తవి దొరుకుతున్నాయి. కస్టమ్స్, రవాణా కలిపి 68,900. ఆయిలు, బోల్టులు, ఇతర చిల్లర 14,000. 2025 జూన్ 15 ఆదివారం ఉదయం ఇంజన్ అంటుకుంది. ఆ రోజు అక్కడున్న పదకొండు మందిలో ఎవరి కళ్ళూ పొడిగా లేవు.

బ్రేకుల్లో పొదుపు చేయకూడదని ఏకగ్రీవంగా అనుకున్నాం. ఈ బండికి పెడలు తొక్కితే బ్రేకు ఆయిలును చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ ఒకటే, నాలుగు చక్రాలకూ ఒకే లైను. ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే చక్రాల సిలిండర్లకు స్టీలు స్లీవులు వేయించాం, పైపులన్నీ మార్చాం, షూలకు కొత్త లైనర్లు కొట్టించాం. మాస్టర్ సిలిండర్ కాళ్ళ కింద నేల రేకుకు అడుగున ఉంటుంది. మూత తీయాలంటే చాప ఎత్తాలి. షెడ్డుకు వచ్చే ప్రతివారూ ఆ చాప ఎత్తి ఆయిలు మట్టం చూడాలని కోరుతున్నాం.

కరెంటు పనిలో మిగిల్చిన డబ్బు కూడా ఉంది. సెల్ఫ్ మోటారు బరువుగా తిరుగుతోందని, 12 వోల్టులకు మార్చేయమని ఇద్దరు ఎలక్ట్రీషియన్లు చెప్పారు. తీరా చూస్తే ఎవరో ఎప్పుడో 12 వోల్టుల కార్లకు వాడే సన్నతీగలు వేశారు. 6 వోల్టుల మీద అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి, సన్నతీగ దాన్ని మోయలేదు. లావు కేబుళ్ళు వేసి, ఎర్తు పట్టే చోట తుప్పు గీకితే పాత మోటారే చక్కగా తిరిగింది. డైనమో రీవైండింగు ఇందులోనే ఉంది.

రంగు విషయంలో కొందరికి అసంతృప్తి ఉందని తెలుసు. ఎడమ తలుపు మీద గరుకు కాగితం రుద్దుతుంటే నీలం కింద ఎరుపు, ఎరుపు కింద కంపెనీ ముదురాకుపచ్చ బయటపడింది. ఆ పచ్చ మీద చేతితో రాసిన తెలుగు అక్షరాలు కనిపించాయి: "బియ్యము, పప్పులు". కింద ఇంకో వరుస ఉంది కానీ చెరిగిపోయింది. టింకరింగు కుర్రవాడికి తెలుగు చదవడం రాదు. అయినా ఏదో రాసి ఉందని గమనించి చేయి ఆపి మాకు ఫోను చేశాడు. అతనికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఆ తలుపును అలాగే ఉంచి, పైన పారదర్శకమైన పూత వేయించాం. మిగతా బండికి ముదురాకుపచ్చ వేయించాం. అందుకే ఎడమ తలుపు మాసినట్లు కనిపిస్తుంది. అది పని మిగిలిపోవడం కాదు, తెలిసి ఉంచినది.

తొట్టెకు నల్లమద్ది పలకలు వేసి, మధ్య ఇనుప పట్టీలు పాతవే బిగించాం. టైర్ల కొలత 6.00-16, జీపులకు వాడేదే కాబట్టి ఇక్కడే దొరికాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరును అది మెత్తబరుస్తుంది, ట్యాంకులోకి తేమను లాగుతుంది. అందుకే గొట్టాలు, పంపు డయాఫ్రం దాన్ని తట్టుకునేవి వేయించాం.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న పద్దు. ముందు బంపరుకు క్రోమ్ పూత కోసం ఒక దుకాణానికి 9,000 అడ్వాన్సు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోలేదు. రెండు నెలల తర్వాత దుకాణం మూసేశారు. బంపరు మాత్రం పక్క షెడ్డువారి దయవల్ల తిరిగి వచ్చింది. డబ్బు రాలేదు. ఇది పూర్తిగా కమిటీ తప్పు. కార్యదర్శి, కోశాధికారి చెరి సగం కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. సభ్యుల సమావేశం ఎలా చెబితే అలా చేస్తాం. అప్పటి నుంచి రూ.500 దాటిన చెల్లింపు ఏదీ రసీదు లేకుండా చేయలేదు. బంపరుకు వెండిరంగు వేశాం.

నిల్వలో 20,000 గురించి కూడా తెలియాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్ కోసమని చెప్పి ఈ మొత్తాన్ని చందాలో కలిపి వసూలు చేశాం. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు అది ఇస్తారు. రుసుము 20,000, గడువు పదేళ్ళు. అయితే నాలుగు చక్రాల బండ్లలో అది ఎం1 తరగతికి, అంటే ప్రయాణికుల కార్లకే వర్తిస్తుంది. మన పికప్ సరుకు బండి. నిబంధన చివరి వరకు చదవకుండా మీ దగ్గర వసూలు చేసినందుకు క్షమించండి. ఆ డబ్బు ముట్టుకోలేదు. పాత రిజిస్ట్రేషన్ మీదే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తెచ్చుకోవడానికి దాన్ని వాడుకోవచ్చా, లేక తిరిగి పంచాలా అన్నది మీరే తేల్చాలి. ఎఫ్‌సీ వచ్చే వరకు బండి షెడ్డు ఆవరణ దాటదు. పెళ్ళి ఊరేగింపులకు అడుగుతున్నవారు దయచేసి అర్థం చేసుకోండి.

ఆ 20,000 తీసేస్తే నిల్వలో మిగిలేది 5,460. మూడు నెలల అద్దెకు కూడా చాలదు. అద్దె, పెట్రోలు, గ్రీజు, ఆయిలు కలిపి నెలకు దాదాపు 5,000 కావాలి. 42 మందీ నెలకు తలా రూ.150 చొప్పున ఇస్తే 6,300 వస్తుంది. మిగిలినది ఆయిలు మార్పిడికి, బ్యాటరీకి దాచవచ్చు. ఇంజన్‌ను పదిహేను రోజులకొకసారి వేడెక్కేదాకా నడపాలి, లేకపోతే మళ్ళీ పట్టేస్తుంది. ఆ పనికి ఆదివారాలు వంతులవారీగా రాగలవారు పేర్లివ్వండి. ఇప్పటికి ఏడుగురు ఇచ్చారు.

బిల్లులు, రసీదులు, బ్యాంకు పుస్తకం నవంబర్‌లో ప్రతి ఆదివారం ఉదయం 8 నుంచి 11 వరకు షెడ్డులో బల్ల మీద ఉంటాయి. ఏ పద్దు మీద సందేహమున్నా ఆ కాగితం తీసి చూపిస్తాం. సమావేశం నవంబర్ 30న, అక్కడే.

కమిటీ తరఫున,
కోశాధికారి
చెన్నై, 2025 అక్టోబర్ 12