మామ్మ గుమ్మం దగ్గర ఆగిపోయిన కాలువ

సఖినేటిపల్లి రేవు,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ చంటీ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది, ఈలోగా నువ్వు పెట్టిన నాలుగు మెసేజులకి కూడా జవాబివ్వలేదు. నిజంగా తప్పు నాదే, క్షమించరా. ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకున్నాను గానీ ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, సగంలో నువ్వు "మీటింగ్ ఉందిరా" అని పెట్టేస్తావు, నాకేమో మొత్తం చెప్పాలి. ఇంట్లో అందరూ బాగున్నారు. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. మీ నాన్నగారు పోయిన వారం సంతలో కనపడ్డారు, కాస్త చిక్కారు గానీ హుషారుగానే ఉన్నారు. ఇప్పుడు పంటు (బళ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ) కోసం రేవులో కూర్చున్నాను, అవతల నరసాపురం ఒడ్డున ఉందది, వచ్చేలోపు రాసినంత రాస్తా.

నేను చేరిన పరిశోధన ప్రాజెక్టు గురించి చెప్పాను కదా. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఎవరూ అడక్కుండానే ప్రభుత్వ ఆఫీసులు తమంతట తాము జనం ముందు పెట్టాల్సిన వివరాలు ఉంటాయి. చట్టం వచ్చింది 2005లో. ఇన్నేళ్లకి పంచాయతీల్లో అవి నిజంగా జనానికి కనపడుతున్నాయా అన్నది మా పని. నలభై ప్రశ్నల ఫారం ఒకటి చేతిలో పట్టుకుని లంక గ్రామాలన్నీ తిరుగుతున్నాను. "సమాచార బోర్డు ఉందా?" అని ఒక ప్రశ్న. రాజోలు వైపు ఒక ఊళ్లో (పేరు వద్దులే) బోర్డు ఉంది, అవును అని టిక్ పెట్టేశాను. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే ఒక మామ్మ అడిగింది, "బాబూ, ఆ బోర్డు మీద మా బోదె సంగతేమైనా రాసుందా?" అని.

బోర్డు మీద ఆ ఊసే లేదు. ఆమె ఇంటికి తీసుకెళ్లింది. గుమ్మం ముందు మురుగు బోదె గుర్రపుడెక్కతో నిండిపోయి, నీళ్లు కదలక నల్లగా నిలబడి ఉన్నాయి. వానొస్తే నీళ్లు అరుగెక్కి వంటింట్లోకి వస్తాయట, పొయ్యి కింద నాలుగు ఇటుకలు పెట్టుకుంది. గోడ మీద మోకాలెత్తున నీళ్ల మరక చూపించింది, దాని కింద ఇంకొకటి, దాని కింద ఇంకోటి, "ఇది పోయినేడుది, ఇది అంతకుముందుది" అని వేలితో చూపిస్తూ. మన డెల్టా సంగతి నీకు తెలిసిందే, కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచీ నీళ్లు వచ్చే దారి గురించే అందరి తాపత్రయం, పోయే దారి గురించి ఎవరికి పట్టింది? నేల పల్లం, వాలు లేదు. 2011లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధర గిట్టడం లేదన్న బాధతో పాటు ఈ ముంపు బాధా ఉంది కదరా, మీ నాన్నగారు కూడా ఆ ఏడు చేను బీడు పెట్టారు.

ఆ రాత్రి పంచాయతీల జమాఖర్చులు పెట్టే ఇ-గ్రామస్వరాజ్ సైట్‌లో ఆ పంచాయతీ ఓచర్లు వెతికాను. ఆ బోదె పూడికతీతకి బిల్లు చెల్లించేసినట్టుంది! పదిహేనో ఆర్థిక సంఘం కింద కేంద్రం పంచాయతీలకి ఇచ్చిన డబ్బు, అందులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్న షరతుతో వచ్చింది కాబట్టి ఆ పద్దు కింద. నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే ఆ పని కొలతలు కావాలని సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. నా పేరుతో కాదు, మామ్మ పేరుతోనే, వేలిముద్ర వేసింది. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో అయితే ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వలేదు. అప్పీలు రాశాక ఇచ్చారు, పేజీకి 2 రూపాయల చొప్పున జిరాక్స్ డబ్బు మామ్మ కొంగుముడి విప్పి కట్టింది, నేనిస్తానంటే ఒప్పుకోలేదు. ఎం-బుక్ పేజీలు రా, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం! పొడవు 600 మీటర్లు, వెడల్పు 1.2, లోతు 0.45, మొత్తం 324 ఘనపు మీటర్లు. అంకెలు చూడగానే మన కందిపప్పు కేసు గుర్తొచ్చింది. మెస్‌లో గరిటెతో నువ్వు కొలుస్తుంటే నేను గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టడం, వార్డెన్ గారి మొహం... ఈసారి గరిటె స్థానంలో తాడు.

కొబ్బరి పీచు తాడు 30 మీటర్లు తీసుకుని, తాపీమేస్త్రి టేపుతో సరిచూసి, పది మీటర్లకో ముడి వేశాం. ఒక చివర కొబ్బరి దింపు తీసే ఆయన, ఇంకో చివర నేను. మొదట నలుగురమే ఉన్నాం, మూడో తాడుకి పిల్లలు చేరారు, ఏడో తాడు దగ్గర ఆడవాళ్లు పనులాపి వచ్చేశారు, "ఎనిమిది... తొమ్మిది..." అని అందరూ కలిసి లెక్కపెట్టడం. పన్నెండు తాళ్లు, పదమూడో తాడులో రెండో ముడి. అక్కడ ఆగింది పార పడిన గుర్తు. మామ్మ గుమ్మానికి ఇంకా చాలా దూరం. తవ్వింది 380 మీటర్లే, పుస్తకంలో 600!

రిటైరైన ట్రాక్టరు డ్రైవరు ఒకాయన ఉన్నారు, నోటితోనే గబగబా లెక్క కట్టి, "ఆయ్, తేడా 120 ఘనపు మీటర్లంటే దగ్గర దగ్గర నలభై ట్రక్కుల మట్టండీ, ఆ మట్టి ఏ గట్టు మీద పోశారో చూపించమనండి" అన్నారు. అదే ప్రశ్న గ్రామసభలో అడిగారు. ఎం-బుక్ పేజీ నేను చదవలేదురా, పదో తరగతి చదివే మామ్మ మనవరాలు మైకులో చదివింది. "లోతు సున్నా పాయింటు నాలుగైదు" దగ్గర గొంతు వణికింది, ఆగి మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్పటిదాకా గోలగోలగా ఉన్న సభలో చప్పుడు లేదు. 1994లో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో అరుణా రాయ్ వాళ్ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన్ సున్‌వాయీ (ప్రజా విచారణ) పెట్టి జనం ముందు లెక్కలు చదివించడం, "మన డబ్బు, మన లెక్క" అన్న వాళ్ల నినాదం, ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి మన రాష్ట్రంలోనే 2009లో విడిగా సొసైటీ పెట్టడం, ఇవన్నీ ట్రైనింగ్‌లో నోట్సు రాసుకున్నవే. రాసుకోవడం వేరురా. ఆ పిల్ల గొంతు వింటే ఒళ్లు జలదరించింది.

కార్యదర్శి గారు కొత్తగా వచ్చారు, పాపం ఆయన హయాంలో జరిగింది కాదు. కానీ తప్పించుకోలేదు, కొలత తేడా ఉందని తీర్మానం పుస్తకంలో రాసి అందరి ముందూ సంతకం పెట్టారు. కొలత రాసిన మనిషి బదిలీ అయిపోయాడు. మళ్లీ కొలుస్తామన్నారు, ఇంకా రాలేదు. బోదె అలాగే ఉంది, ముసురు పట్టే రోజులొచ్చేస్తున్నాయి, అదే నాకు టెన్షన్.

ఇంకోటి చెప్పాలి, ఎవరికీ చెప్పలేదు. వచ్చేస్తుంటే మామ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది, "బాబూ, ఇదంతా నీ చదువు కోసమా, మా బోదె కోసమా?" అని. రెండూ అన్నాను. తలూపింది గానీ చెయ్యి వదల్లేదు. మా ఫారంలో ఆ ఊరికి ఇప్పటికీ "బోర్డు ఉంది: అవును" అనే ఉంది. అది మార్చమని మా మేడంకి రాశాను, అసలు ఆ ప్రశ్నే మార్చాలి, ఆ బోర్డు మీద ఉన్నది ఎవరి ఇంటి సంగతి అని అడగాలి, ఎలా అడగాలో నువ్వే చెప్పాలి, నీకు ఇలాంటివి బాగా

పంటు వచ్చేసిందిరా, బళ్లు ఎక్కించేస్తున్నారు. ఎం-బుక్ జిరాక్సు ఇందులోనే పెడుతున్నా, లెక్క నువ్వూ ఒకసారి చూడు. వచ్చే గ్రామసభకి సెలవు పెట్టుకుని రా. తాడు నా దగ్గరే ఉంది.

నీ
బొగ్గుగీతలు