కార్ లోపలి ప్లాస్టిక్‌కి రంగు వేయమనే ముందు, వెనక ఏం రాసుందో చూడమని చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ వాహనాల పేజీలో కార్ లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్ళకి మనమే రంగు వేసుకోవచ్చు అని వచ్చిన వ్యాసం చదివాను, చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. వేసుకోవచ్చు అన్నది నిజమే, డోర్ ప్యానెల్ మీద గీతలు పడ్డాయనో సెంటర్ కన్సోల్ వెలిసిపోయిందనో కొత్త పార్ట్ కొనాల్సిన పని లేదు. కానీ మీ వ్యాసంలో సగానికి పైగా ఏ రంగు బాగుంటుంది, మ్యాటా గ్లాసీనా, కార్బన్ ఫైబర్ లుక్ ఎలా తేవాలి ఇవే ఉన్నాయి, ప్లాస్టిక్ దగ్గరికి వచ్చేసరికి "శుభ్రంగా తుడిచి స్ప్రే చేయండి" అని ఒక్క లైన్‌తో సరిపెట్టేశారు. అసలు పనంతా ఆ ఒక్క లైన్‌లోనే ఉందండి.

నేను కార్ పెయింటింగ్ పనిలో ఉన్నవాడిని. ఇంట్లో వేసుకున్న రంగు ఊడిపోతోందని ప్యానెళ్ళు పట్టుకుని జనం వస్తూనే ఉంటారు, గోరుతో గీకితే పొర పొరగా లేచొచ్చేస్తుంది, అందరూ స్ప్రే క్యాన్‌నే తిడతారు. చాలాసార్లు క్యాన్‌లో తప్పేమీ ఉండదు, కింద ఉన్నది ఏ ప్లాస్టిక్కో చూడకుండా వేసేశారు, అంతే.

ప్యానెల్ ఊడదీసి వెనక్కి తిప్పండి, రెండు బాణపు మొనల మధ్య చిన్న అక్షరాలు కనిపిస్తాయి, పీపీ అనో ఏబీఎస్ అనో పీసీ ప్లస్ ఏబీఎస్ అనో, ఇవి ప్లాస్టిక్ రకాల పొట్టి పేర్లు. ఐఎస్ఓ 11469 ప్రకారం వేసే గుర్తు అది, రీసైక్లింగ్‌లో ఏ ప్లాస్టిక్ ఏదో తెలియడం కోసం పెట్టింది, కానీ రంగు వేసేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే ముక్క ఇంకోటి లేదు. పీపీ-టీడీ20 అని ఉందనుకోండి, అది పాలీప్రొపిలీన్, అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని అర్థం. డోర్ ప్యానెళ్ళు, పిల్లర్ ట్రిమ్‌లు (అద్దాల పక్కనుండే స్తంభాల మీది తొడుగులు) చాలా కార్లలో ఈ రకానివే. నున్నగా మెరిసే కన్సోల్ అంచు ఫ్రేములు, ఏసీ వెంట్ల చుట్టూ ఉండే ఫ్రేములు ఎక్కువగా ఏబీఎస్.

ఈ రెండిటికీ మధ్య తేడా చిన్నది కాదు. పాలీప్రొపిలీన్ అంతా కార్బన్, హైడ్రోజన్ మాత్రమే, రంగు పట్టుకోవడానికి దాంట్లో ఏ పట్టూ లేదు. సర్ఫేస్ ఎనర్జీ అంటారు, అది పీపీకి మీటర్‌కి సుమారు 30 మిల్లీన్యూటన్లు, ఏబీఎస్‌కి 40 దాకా ఉంటుంది, ఇది తక్కువున్న చోట ద్రవం పరుచుకోదు, తామరాకు మీద నీళ్ళలా ముద్ద కడుతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో పీపీకి పెయింట్ వేసే ముందు మంటతోనో ప్లాస్మాతోనో పై పొరని మారుస్తారు. ఇంట్లో అవేవీ చేయకూడదు, దానికి బదులు అడ్హీషన్ ప్రమోటర్ అని దొరుకుతుంది, క్లోరినేటెడ్ పాలీఓలెఫిన్ ఉండే పల్చటి ద్రవం, ప్రైమర్ (రంగు కింద వేసే పూత) కంటే ముందు ఒక్క పల్చటి కోట్ వేయాలి, దాని మీద తర్వాతి కోట్ ఎంతసేపట్లో వేయాలో క్యాన్ మీదే రాసి ఉంటుంది, ఆ టైమ్ దాటితే ఫలితం తగ్గిపోతుంది. ఏబీఎస్‌కి ఇది అక్కర్లేదు, మామూలు ప్లాస్టిక్ ప్రైమర్ సరిపోతుంది, కాకపోతే ఏబీఎస్‌ని అసిటోన్‌తో గానీ ఘాటు థిన్నర్‌తో గానీ తుడిస్తే పై పొర కరిగి పాడైపోతుంది. మీ వ్యాసంలో రెండిటికీ కలిపి "థిన్నర్‌తో తుడవండి" అని రాశారు, నాకు నిజంగా బాధేసింది, అది నమ్మి మంచి ప్యానెల్ పాడుచేసుకునేవాళ్ళు ఉంటారు కదా.

ఇంక శుభ్రం చేయడం. డ్యాష్‌బోర్డ్ మెరవాలని కొట్టే పాలిష్‌లు చాలావాటిలో సిలికాన్ ఉంటుంది, ఏళ్ళ తరబడి పూసింది ప్లాస్టిక్ మీద పేరుకుని ఉంటుంది, దాని మీద రంగు పడితే చిన్న చిన్న గుండ్రటి గుంటలు పడతాయి, పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్‌తో బాగా కడిగి, ఆరాక వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో తుడిచి, ఆ తర్వాతే రుద్దాలి. ముందు రుద్దేస్తే ఆ సిలికాన్ గీతల్లోకి దిగి కూర్చుంటుంది, తర్వాత ఎంత తుడిచినా రాదు. రుద్దడంలో కూడా తోలు లాంటి టెక్స్చర్ ఉన్న ప్యానెల్‌ని ఎమరీ పేపర్‌తో గట్టిగా రుద్దితే ఆ టెక్స్చర్ పైభాగాలు అరిగి మచ్చలు మచ్చలుగా తేలుతుంది, అలాంటి చోట గ్రే స్కఫ్ ప్యాడ్ (గిన్నెలు తోమే పీచు లాంటి మెత్తటి రుద్దుడు ప్యాడ్) చాలు, మెరుపు పోయేదాకా రుద్దితే అయిపోయింది. నున్నటి ప్యానెల్ మీద లోతు గీతలుంటే 320 నంబర్ ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 600 నంబర్ దాకా వెళ్ళొచ్చు, పీపీ అయితే మాత్రం రుద్దేకొద్దీ నూగు లేస్తుంది, దాన్ని చూసి ఇంకా రుద్దుతూ పోకూడదు. పాత కార్లలో చేతికి జిగురుగా అంటుకునే సాఫ్ట్ టచ్ పూత ఉంటే, తేమకి పాడైపోయిన పాలీయురేథేన్ అది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మొత్తం తీసేశాకే పని మొదలెట్టాలి, జిగురు మీద ఏ రంగూ నిలబడదు.

స్ప్రే కొట్టడం గురించి మీరు రాసింది చాలావరకు సరిగ్గానే ఉంది. 25, 30 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగా, మొదటి కోట్‌లో కింది రంగు కనిపిస్తూ ఉన్నా కంగారు పడకుండా, మధ్యలో ఓ పది నిమిషాలు ఆగుతూ. కారులోనే పేపర్లు అంటించి కొట్టేయొచ్చు అన్నది మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి. మూసిన క్యాబిన్‌లో ఆ ఆవిరి మనిషికీ మంచిది కాదు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది కూడా. ప్యానెల్ బయటికి తీసి గాలి ఆడేచోట, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని ఆపే ఫిల్టర్) ఉన్న మాస్క్ పెట్టుకుని చేయాలి, గుడ్డ మాస్క్ దుమ్ముకే గానీ ఈ ఆవిరికి పనిచేయదు. రంగు మీద చివర్లో వేసే, హార్డ్‌నర్ కలిపే 2కే క్లియర్ పూతలో ఐసోసయనేట్లనే ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలు ఉంటాయి, దాన్ని ఇంట్లో చేసేవాళ్ళు ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గంటలో చేతికి అంటదు కదా అని అదే రోజు బిగించేయకండి, పూర్తిగా గట్టిపడటానికి చాలా పెయింట్లకి వారం పడుతుంది, ఎండలో ఆగిన కారులో డ్యాష్‌బోర్డ్ 70 డిగ్రీల దాకా కాలుతుంది, సగం ఆరిన రంగు ఆ వేడికి నిలవదు.

ఇంక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మీరు వేసిన ఫొటో. అందులో ముందు ప్యాసింజర్ ఎదురుగా ఉండే డ్యాష్‌బోర్డ్ భాగానికి కూడా నిగనిగలాడే ఎరుపు వేసి చూపించారు. ఆ ముక్క కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. పైకి మామూలు ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది గానీ చాలా కార్లలో వెనక వైపు నుంచి ఒక గీత వెంబడి పల్చగా చేసి ఉంటారు, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు సరిగ్గా అక్కడే చిరగాలని. బ్యాగ్ నిండేది సెకనులో ముప్ఫయ్యో వంతు, అటూ ఇటూగా. పైన గట్టి పెయింట్ పొరలు ఎక్కిస్తే ఆ చిరుగు తీరు మారొచ్చు, ఊడిన పెచ్చులు నేరుగా మనిషి ముఖం మీదికి ఎగిరొచ్చు. ఎయిర్‌బ్యాగ్ కవర్ల మీద పెయింట్, స్టిక్కర్, కవర్ ఏదీ వద్దని కార్ కంపెనీల మాన్యువళ్ళలోనే రాస్తారు. ఎస్ఆర్ఎస్ (ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకి గుర్తు) అనో ఎయిర్‌బ్యాగ్ అనో అచ్చు ఉన్న ఏ ముక్క జోలికీ వెళ్ళకూడదు, స్టీరింగ్ మధ్య భాగం, సీటు పక్కన, పక్క అద్దాల మీదికి పరదాలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లుంటే పిల్లర్ ట్రిమ్‌లు కూడా. పసుపు కనెక్టర్ కనబడిందంటే అది ఎయిర్‌బ్యాగ్‌దే అనుకోవాలి, మాన్యువల్లో చెప్పినట్టు బ్యాటరీ తీసి చెప్పినంతసేపు ఆగకుండా దాన్ని కదపకూడదు. డ్యాష్‌బోర్డ్ పైభాగానికి గ్లాసీ రంగు వేస్తే ఎండలో దాని ప్రతిబింబం విండ్‌షీల్డ్‌లో పడి రోడ్డు సరిగ్గా కనబడదు, కంపెనీలు అక్కడ ముదురు మ్యాట్ ఇచ్చేది అందుకే.

అందుకని మీకు నా విన్నపం ఒకటే, వచ్చే వాహనాల పేజీలో ఆ ఫొటో గురించి ఒక సవరణ వేయండి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న భాగాలకి రంగు వేయొద్దని, థిన్నర్‌తో తుడవొద్దని, కారులో కూర్చుని స్ప్రే కొట్టొద్దని. వెనక ఉండే పీపీ, ఏబీఎస్ గుర్తు ఫొటో ఒకటి దగ్గరగా తీసి వేస్తే ఇంకా మంచిది, చాలామందికి అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక కార్ పెయింటర్